చివరిగా మార్చిన తేదీ

మంగళవారం పదకొండు గంటలకు ఫోను మోగితే ఆ ఆఫీసులో ఎవరూ తలెత్తరు. అది ఎవరి దగ్గర్నుంచో, ఎవరికోసమో అందరికీ తెలుసు.

"తొమ్మిదింబావు వచ్చేసింది, ఎత్తు ఎత్తు," అన్నాడు డిజైనర్, కళ్ళు తెర మీంచి తిప్పకుండానే.

కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి రెండో మోతకే ఫోను అందుకుంది. వెబ్‌సైట్లలో చిన్న చిన్న మార్పులు చేసిపెట్టడం ఆమె పని. పళ్ళ డాక్టరు సెలవులు, డ్రైవింగ్ స్కూలు కొత్త కారు ఫొటో, తాళాలు బాగుచేసేవాడి కొత్త నంబరు, ఎవరికి ఏది మార్చాలన్నా ఆమెకే ఫోన్ చేస్తారు. అందుకని డిజైనర్ ఆమెకు అప్‌డేటమ్మ అని పేరు పెట్టాడు. ఆమె కాదనలేదు, అవుననలేదు. నెల తిరక్కుండా ఆఫీసంతటికీ అదే పేరైపోయింది.

"అమ్మడూ, నేనే," అంది అవతలి గొంతు. పుస్తకాలకు అట్టలు కట్టే దుకాణం ఆవిడ. ఆఫీసులో ఆవిణ్ణి బైండింగావిడ అంటారు. "దుకాణం తెరిచే వేళ తొమ్మిదింబావు అని ఉందా?"

"ఉందండి. పోయిన వారం మీరే మార్చమన్నారు."

"తొమ్మిది చెయ్యి."

"చేశానండి."

"అప్పుడేనా? కింద తేదీ మారిందా, చూసి చెప్పు."

పేజీ అట్టడుగున, చిన్న అక్షరాల్లో 'చివరిగా మార్చిన తేదీ' అని ఒక వరుస ఉంటుంది. అమ్మాయి కిందిదాకా వెళ్ళి చూసింది. "మారిందండి. ఇవాళ్టిది పడింది."

"హమ్మయ్య."

అసలు ఫోను ఆ తర్వాతే మొదలవుతుంది.

"తిన్నావా?"

"తిన్నానండి."

"ఏం తిన్నావు?"

"బ్రెడ్డు."

"నిన్న?"

"నిన్నా అదే."

"బ్రెడ్డూ ఒక తిండేనా! ఇంతకన్నా అట్టముక్క నానబెట్టుకుని తిన్నా నయం. నా దగ్గర బోలెడన్ని ఉన్నాయి, పంపనా?"

అమ్మాయికి నవ్వొచ్చింది. ఆఫీసులో గట్టిగా నవ్వదు కాబట్టి ఫోను తీగను వేలికి చుట్టుకుంది. ఆమె ఉండే గదిలో ఇంకో ఇద్దరుంటారు, నర్సులు. ఈమె వెళ్ళే వేళకు వాళ్ళు వస్తారు, వాళ్ళు వెళ్ళే వేళకు ఈమె వస్తుంది. తలుపు దగ్గర చెప్పులు మాత్రం ఒకరివి ఒకరు చూసుకుంటారు. ఏం తిన్నావని అడిగే మనిషి ఆ ఊళ్ళో ఆమెకు ఈ గొంతు ఒక్కటే. వారానికి ఏడు నిమిషాలు. ఒక్కోసారి ఎనిమిది.

ఫోను పెట్టేసరికి ఓనరు ఆమె బల్ల పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఒక్క పావుగంట అటూ ఇటూ మార్చడానికి ఇంతసేపా? ఇక నీకీ బాధ తప్పిపోతుందమ్మా. వాళ్ళ పేజీలు వాళ్ళే మార్చుకునే టూల్ ఒకటి పెట్టేస్తున్నాం. మూడు చూసి ఉంచాను. కంప్యూటరంటే భయపడేవాళ్ళ చేతనే చేయించి చూడు. నువ్వు మాత్రం నోరు విప్పకు, పక్కన కూర్చుని చూడు అంతే. ఏది పెట్టాలో సోమవారానికి ఒక కాగితం రాసివ్వు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "నా మటుకు నాకు మొదటిదే నచ్చింది. మా బావమరిది పది నిమిషాల్లో పేజీ మొత్తం మార్చిపారేశాడు. ఇది పెట్టేస్తే నువ్వు హాయిగా కొత్త సైట్ల పనిలోకి రావచ్చు."

"సరే సార్," అంది అమ్మాయి. వేలికి చుట్టుకున్న తీగను అప్పుడు విప్పింది. వేలి మీద ఎర్రగా చార పడి ఉంది.

*

మొదటి టూల్ చూడటానికి ముచ్చటగా ఉంది. రంగురంగుల పెట్టెలు, దేన్ని పట్టుకుని ఎటు లాగితే అటు వస్తుంది. రెండోదానిలో ప్రతి మాటకీ ముందూ వెనకా నక్షత్రాలూ గీతలూ పెట్టాలి. దాన్ని ఆమె గంటలోనే పక్కన పెట్టేసింది. మూడోది బూడిదరంగుది. ఆమె చదివిన ఊరి బళ్ళో హాజరు పట్టీలా, పేరుకు ఒక గడి, వేళలకు ఒక గడి, ఫొటోకు ఒక గడి. గడి దాటి పోవడానికి లేదు.

"ఇదేంటి, కరెంటాఫీసు దరఖాస్తులా ఉంది," అన్నాడు డిజైనర్ వెనకనుంచి చూసి.

బుధవారం డ్రైవింగ్ స్కూలాయన వచ్చాడు. మొదటి టూల్‌లో తన ఫొటో పెట్టమంటే మౌసును స్టీరింగులా రెండు చేతులా పట్టుకుని లాగాడు. ఫొటో పెరిగి పెరిగి పేజీ నిండా ఆయన ముక్కు ఒక్కటే మిగిలింది. ఫోన్ నంబరు ఎటుపోయిందో తెలియలేదు. దాన్ని వెతుకుతూ లాగితే కారు తలకిందులైంది.

"నా ముక్కు చూసి డ్రైవింగ్ నేర్చుకోవడానికి ఎవరొస్తారమ్మా?" అన్నాడాయన, చెమట తుడుచుకుంటూ.

మూడోదానిలో ఏడు నిమిషాల్లో పని ముగించాడు. "ఇదియ్యి. దీనికి బ్రేకులున్నాయి." లేచి వెళ్ళబోతూ, "ఇక నీకు ఫోన్లు చేసి విసిగించనులే," అన్నాడు.

ఆయన మంచిగానే అన్నాడు. అమ్మాయి తన కాగితం మీద మూడో టూల్ ఎదురుగా ఏడు నిమిషాలు అని రాసుకుంది. అంకె వేశాక పెన్ను కాసేపు అక్కడే ఆగింది. మొదటిది పెడితే ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఇప్పటికన్నా ఎక్కువే వస్తాయి. మంగళవారం పదకొండు గంటల ఫోను కూడా వస్తుంది. ఓనరు కోరేదీ అదే. ఆమె చెయ్యాల్సిందల్లా ఆయన మాటకు సరే అనడం.

*

గురువారం బైండింగు దుకాణానికి వెళ్ళింది. సందులోంచి నాలుగు మెట్లు దిగాలి. లోపల జిగురు వాసన, కొత్త కాగితం వాసన. కిటికీ కింద ఒకావిడ, కళ్ళజోడు దారానికి వేలాడేసుకుని, కుట్టుపని మీద వంగి ఉంది.

"నువ్వేనా? గొంతు విని కాస్త పెద్దదానివనుకున్నాను. ఉండు, ఈ వరుస అయిపోనీ. మధ్యలో ఆపితే దారం వదులైపోతుంది."

బల్ల దగ్గర రెండు స్టూళ్ళున్నాయి. ఒకటి ఆవిడ కింద ఉంది. రెండోదాని మీద మడత పెట్టిన గుడ్డ పరిచి ఉంది. దుమ్ము లేదు. అమ్మాయి దాని దగ్గరికి వెళ్ళగానే ఆవిడ సూది ఆగింది.

"అదీ..." అని ఆగి, "పరవాలేదు, కూర్చో," అంది.

ముట్టుకోగూడనిదేదో ముట్టుకుంటున్నట్టు అమ్మాయి స్టూలు అంచు మీదే కూర్చుంది. ఆవిడ కాగితాల మడతను అరచేతంత ఎముక పలకతో ఒక్కసారి నొక్కి, సూది దించి, దారం లాగింది. ప్రతిసారీ అంతే బిగువు. ఎక్కడా దారం కాగితాన్ని కోయలేదు. అమ్మాయి ఇరవై నిమిషాలు ఆ చేతులనే చూసింది.

ఆవిడ లాప్‌టాప్‌కు ఆకుపచ్చ గుడ్డతో అట్ట కట్టి ఉంది. పుస్తకం తెరిచినట్టు తెరిచింది. ముందు మొదటి టూల్, అందులో ఆవిడ పేజీ నకలు. ఆవిడ అన్నిటికన్నా ముందు పేజీ అడుక్కి వెళ్ళింది.

"కింద తేదీ ఏదీ?"

"దీంట్లో ఉండదండి. తేదీ కనిపిస్తే పేజీ పాతబడినట్టు ఉంటుందని తీసేశారు."

"ఉండదా," అంది ఆవిడ. వేళ్ళు మీటల మీద అలాగే ఉండిపోయాయి. తర్వాత, తెరిచే వేళ తొమ్మిదింబావు అని ముందు కాగితం మీద పెన్సిలుతో రాసుకుని, స్కేలు పెట్టి కింద గీత గీసి, ఒక్కో అక్షరమే వెతికి కొట్టింది. దుకాణం గురించిన నాలుగు వాక్యాలు కూడా కొత్తగా రాసింది. అరగంట పట్టింది. రాయడం అవగానే లాప్‌టాప్ మూసి లేచింది.

"పద, తిందాం."

రాసింది పేజీలోకి ఎక్కాలంటే ఒక మీట నొక్కాలి. అమ్మాయికి నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పకూడదు, చూడాలి అంతే. "మరి అదీ..." అంది, ఆపుకోలేక.

"ఆరనీ. జిగురు పెట్టిన వెంటనే కదిపితే అట్ట వంకరపోతుంది. ఏ పనైనా గంటసేపు వదిలేసి మళ్ళీ చూస్తేనే తప్పు తెలిసేది."

ఆవిడ తెచ్చుకున్న డబ్బాలోది ఇద్దరూ సగం సగం తిన్నారు. ఆవిడ సగమని చెప్పి ముప్పాతిక పెట్టింది. "తిను తిను, ఫోన్లో అయితే అబద్ధం చెప్తావు, ఇక్కడ కుదరదు," అంది.

గంట తర్వాత తెరిస్తే తెర మళ్ళీ పాస్‌వర్డ్ అడిగింది. లోపల తొమ్మిది తొమ్మిదిగానే ఉంది. నాలుగు వాక్యాలు లేవు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందికి వెతికింది. తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని వెతికింది.

"నేనే ఏదో తప్పు చేసుంటాను," అంది మెల్లగా. "ఇలాంటివి నాకు అబ్బవులే అమ్మడూ. మీ సార్‌కి చెప్పు, ఈ ముసలిదానికి బుర్ర లేదని."

చుట్టూ అరల్లో ఆవిడ కట్టిన పుస్తకాలు, ఒక్క మూల కూడా వంకర లేకుండా, వరుసగా ఉన్నాయి. అమ్మాయి వాటివైపు చూసింది. ఆవిడ ఎందుకు తల దించుకోవాలి?

మూడో టూల్ తెరిచింది. ఆవిడ అదే మాట మళ్ళీ రాసి, మళ్ళీ మూసి, ఈసారి ఒక పుస్తకం పూర్తిగా కుట్టి, తీరిగ్గా వచ్చి తెరిచింది. రాసింది రాసినట్టే ఉంది. పైన 'ఇంకా పేజీలో పెట్టలేదు' అని ఒక వరుస. ఆవిడ చదువుకుని, మీట నొక్కి, వెంటనే అడుక్కి వెళ్ళింది. ఇవాళ్టి తేదీ ఉంది. దాని మీద వేలు పెట్టి రుద్దింది, అంటుకుందో లేదో చూసినట్టు.

"ఆ తేదీ ఎవరు చూస్తారమ్మా?" అని అడిగింది అమ్మాయి. అడిగాక, అడగకూడదేమో అనిపించింది.

ఆవిడ దారానికి మైనం రాస్తూ చెప్పింది. "ఈ పేజీ పెట్టించింది మా చెల్లెలు. నువ్వు కూర్చున్న స్టూలు దానిదే. మాటా మాటా అనుకున్నాం. నాలుగేళ్ళైంది వెళ్ళి. నేను ఫోన్ చెయ్యను, అది చెయ్యదు. ఇద్దరం ఒక్క తల్లి పిల్లలమే, పట్టుదలలో తేడా ఎక్కడుంటుంది? వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి అంది కదా, 'ఆ పేజీ వారానికోసారైనా మార్పించు, లేకపోతే దుకాణం మూసేశారనుకుంటారు జనం' అని. జనం అంది." మైనం ముక్క పక్కన పెట్టింది. "మార్చడానికి నా దగ్గర ఏముంది? తెరిచే వేళ తప్ప. మీ ఆఫీసులో నవ్వుకుంటారని తెలుసు."

"లేదండీ," అంది అమ్మాయి. ఫోన్లో కాదు కాబట్టి ఆ అబద్ధం ఆవిడకు దొరికిపోయింది.

*

ఎవరి పేజీని ఎందరు చూశారో ఆఫీసులో లెక్క ఉంటుంది. నెలాఖరున ఒక్కో క్లయింటుకు పంపడం తప్ప అమ్మాయి దాన్ని ఎప్పుడూ పరీక్షగా చూడలేదు. శుక్రవారం పొద్దున్నే బైండింగు దుకాణం పేజీది తెరిచింది. అక్కడొకరు, ఇక్కడొకరు, వచ్చి పోయేవాళ్ళు. వాళ్ళ మధ్య, బుధవారం బుధవారం, దూరాన ఉన్న ఒకే ఊరి నుంచి ఒక్కరు. తెల్లారి ఆరు దాటాక. వేళలు చూడరు, ఫొటోలు చూడరు. తిన్నగా అడుగుదాకా వెళ్తారు. ఇరవై సెకన్లు ఉంటారు. పోతారు. అమ్మాయి వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్ళి చూసింది. ఒక్క బుధవారం కూడా తప్పలేదు.

సోమవారం ఓనరు తన గదిలో కాగితం అందుకుని చదివాడు. చివరి వరుసకు వచ్చేసరికి కనుబొమలు ముడిపడ్డాయి.

"మూడోదా? ఇది చూడు ఎలా ఉందో! మొదటిదే పెడదాం. అర్థంకానివాళ్ళు నలుగురైదుగురుంటే నీకు ఫోన్ చేస్తారు. నువ్వున్నావుగా!"

నువ్వున్నావుగా. ఆ మాటలోకి ఒక్క అడుగు వేస్తే చాలు. రేపు పదకొండు గంటలకు ఫోను మోగుతుంది, తిన్నావా అని అడుగుతుంది. అమ్మాయి చేతిలో పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టింది.

"సార్, ఒక్కసారి మీరు రాసి చూడండి. మన ఆఫీసు పేజీనే."

"నాకేం కష్టం?" అంటూ ఆయన మొదటి టూల్ తెరిచి, ఆఫీసు గురించి రాయడం మొదలుపెట్టాడు. రాస్తున్నకొద్దీ హుషారొచ్చింది. ఒక పేరా అయింది, రెండో పేరా కూడా అయింది. అంతలో ఆయన ఫోను మోగింది. ఫోనొస్తే ఆయన కూర్చుని మాట్లాడలేడు. మెట్ల దగ్గరికి వెళ్ళి, కిందికీ పైకీ తిరుగుతూ మాట్లాడతాడు. అది ఆమె రోజూ చూసేదే. ఆమె కుర్చీలోంచి కదల్లేదు, దేన్నీ ముట్టుకోలేదు.

ముప్పావుగంట తర్వాత ఆయన వచ్చి తెర ముందు కూర్చున్నాడు.

"ఇదేంటి, పాస్‌వర్డ్ అడుగుతోంది?" కొట్టాడు. "నా రాత ఏదీ? నువ్వేమైనా కదిపావా?"

"లేదు సార్."

"మరి నేనేం తప్పు చేశాను?"

"మీరేం తప్పు చెయ్యలేదు సార్," అంది అమ్మాయి. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "బైండింగావిడా చెయ్యలేదు. పని మధ్యలో లేచి వెళ్ళనివాళ్ళు ఎవరుంటారు సార్? ఆవిడ తన బుర్రదే తప్పనుకుంది."

ఓనరు తెరవైపూ, ఆమెవైపూ చూశాడు. "బావమరిదికి పనీపాటా లేదు, అందుకే లేవలేదు," అని గొణుక్కున్నాడు. కాగితం మీద సంతకం పెట్టాడు. "మూడోదే పెట్టు. ఆ రంగైనా మార్చు తల్లీ, కడుపులో తిప్పుతోంది."

మధ్యాహ్నానికి బైండింగు దుకాణం పేజీ కొత్త టూల్‌లోకి మారింది. మొదటిసారి, అమ్మాయే ఫోన్ చేసింది.

"మీ పేజీ సిద్ధమైందమ్మా. ఇక మీరే మార్చుకోవచ్చు."

"తేదీ?"

"ఉందండి." అమ్మాయి లెక్కల పేజీ తెరిచింది. "అమ్మా, ఎవరో చూస్తున్నారండి. ప్రతి బుధవారం, పొద్దున్నే. ఒక్కరే. అడుగుదాకా వెళ్తున్నారు. ఊరి పేరు కూడా..."

"చెప్పకు." కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. "ఊరు చెప్పకు అమ్మడూ. తెలిస్తే వెళ్తాను. వెళ్తే మళ్ళీ పోట్లాడుకుంటాం. ఒక్క బుధవారం కూడా తప్పలేదా?"

"తప్పలేదండి."

"అది చాల్లే." ముక్కు ఎగబీల్చి, గొంతు సవరించుకుంది. "ఇన్నాళ్ళూ నీ పని చెడగొట్టాను. ఇక నా గోల ఉండదు, హాయిగా నీ పని చేసుకో. వేళకింత తిను."

అయినా చెయ్యండి, అనాలని ఉంది అమ్మాయికి. మాట సిద్ధంగానే ఉంది. "సరేనండి," అంది.

*

మంగళవారం పదకొండు గంటలకు ఆఫీసులో అందరూ తలెత్తారు.

"ఏం అప్‌డేటమ్మా, తొమ్మిదింబావు అలిగిందా?" అన్నాడు డిజైనర్.

అమ్మాయి పేజీ తెరిచింది. అడుగున పాత తేదీ ఉంది. పదకొండుంబావుకు మళ్ళీ తెరిచింది. పాతదే. పన్నెండుకు పాతదే. ఆవిడకు ఒంట్లో బాగాలేదా? మీట దొరకలేదా? చెయ్యి ఫోను దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. పనేం లేకుండా ఎందుకు చెయ్యాలి, ఏమని చెయ్యాలి? తెచ్చుకున్న బ్రెడ్డు తింటూ చూసింది, చెయ్యి కడుక్కొచ్చి చూసింది. రెండింటికి గుర్తొచ్చింది: ఆరబెట్టి ఉంటుంది. అది తెలిసినా చూడటం మానలేకపోయింది.

నాలుగింటికి తేదీ మారింది. పైన, తెరిచే వేళ తొమ్మిదింబావు. అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆమె ఆ తేదీని మూడుసార్లు చదివింది, ఏదో పెద్ద ఉత్తరం చదువుతున్నట్టు. తర్వాత కొత్త సైటు పనిలో పడింది.

బుధవారం పొద్దున ఓనరు కొత్త టూల్ ఎలా పనిచేస్తోందో చూద్దామని లెక్కలు తెరిచి, ఉన్నట్టుండి కేకేశాడు.

"ఇదేంటమ్మా! బైండింగావిడ పేజీకి ఇంత గిరాకీ ఎప్పుడొచ్చింది? పొద్దున ఆరింటికి ఎక్కణ్ణుంచో ఒకరు, సరే. నిన్న మన ఊరి నుంచే ఎవరో పద్నాలుగుసార్లు చూశారు! పదకొండు నుంచి నాలుగు దాకా, అదే పేజీ, అడుగుదాకా వెళ్ళడం, రావడం. ఎవరు వీళ్ళు?"

కిటికీ పక్క బల్ల మీద ఫోను ఉంది. దాని తీగ వేలికి చుట్టుకుని లేదు, తిన్నగా వేలాడుతోంది. అమ్మాయి తల ఎత్తకుండానే చెప్పింది.

"జనం, సార్."